వదిలొచ్చిన ఊరి పేరు

మా ఇంటిపేరు నల్గొండ జిల్లాలో ఒక ఊరి పేరు. మొన్న దసరాకి బండేసుకుని వెళ్లాను. ఆ ఊళ్లో ఆ ఇంటిపేరుతో ఒక్క ఇల్లూ లేదు. అరుగు మీద తాత నవ్వాడు: "ఊర్లున్నోనికి ఊరి పేరెందుకు బిడ్డా? పోయినోనికే గద!"

బూర్గుల రామకృష్ణారావు గుర్తొచ్చారు. 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి. అసలు ఇంటిపేరు పుల్లంరాజు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా బూర్గుల ఊరే ఇంటిపేరైపోయింది. ఆయనకది గౌరవం. అదే జిల్లా నుంచి మట్టిపనికి దేశమంతా తిరిగినవాళ్లకీ ఊరే అంటుకుంది, 'పాలమూరు లేబర్' అని.

మావాళ్లు ఎట్లా పోయారు? నాన్ననడిగితే టీవీ సౌండు పెంచాడు. మళ్లీ అడిగితే, "మీ ముత్తాత ఈడికి రాత్రిపూట వచ్చిండట" అన్నాడు. అప్పు తప్పించుకునా, వెట్టి తప్పించుకునా, అది మాత్రం చెప్పలేదు.