మెట్ల నడుమ స్వరం

లెడ్ జెప్పెలిన్ 1969లో వెలువరించిన 'హోల్ లాటా లవ్' గీతంలోని మాటలు, 1962లో మడ్డీ వాటర్స్ పాడిన తన రచన నుంచి తీసుకున్నవేనని విల్లీ డిక్సన్ 1985లో దావా వేశాడు. 1987లో రాజీ కుదిరింది. మాటల బాకీ అలా తీరింది. రిఫ్ మాత్రం జిమ్మీ పేజ్ కూర్చినదే.

ఎలక్ట్రిక్ గిటారుపై ఇటువంటి రిఫ్ ఎత్తుకున్నప్పుడల్లా నన్ను వేధించేది మరొకటి. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ పలికే ఆ బ్లూస్ స్వరం ఏ మెట్టు మీదా ఉండదు. తంతిని వేలితో రవ్వంత లాగాలి. కాస్త ఎక్కువైతే శంకరాభరణంలా తేటపడిపోతుంది, దిగులంతా పోతుంది!

వీణ నేర్చిన మా అక్క విని "గమకమేగా" అంది. ఆమెకు దానిని గురువుగారు ఎదుట కూర్చోబెట్టుకుని నేర్పారు. నాకు నేర్పినవారు మిసిసిపీ పత్తిచేలలో పెరిగిన నల్లజాతి గాయకులు. వారిలో చాలామంది పేర్లు ఏ రికార్డు మీదికీ ఎక్కలేదు.