క్యాష్‌లో కూర్చున్నాయన

భోజనం ముగించి బిల్లు అడిగితే సర్వరు వేలు గుమ్మం వైపు చూపిస్తాడు. “క్యాష్‌లో కట్టేయండి సార్!” అక్కడ సోంపు గిన్నె, మేకుకు గుచ్చిన బిల్లులు, క్యూఆర్ అట్ట, వీటి వెనక గల్లాపెట్టె ముందు ఓనరు. ఆయన “క్యాష్‌లో” కూర్చున్నాడంటే నోట్ల మీద కూర్చున్నాడని కాదు.

విచిత్రమేమిటంటే, ఈ హోటలు భాషే పాత ఇంగ్లీషుకు దగ్గర. క్యాష్ అంటే మొదట్లో డబ్బులపెట్టె. లాటిన్ ‘కాప్సా’ నుంచి ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా వచ్చింది. పెట్టె పేరు లోపలి సొమ్ముకు అంటుకుంది.

ఇంగ్లీషులో ఇంకో క్యాష్ కూడా ఉంది. దానికీ దీనికీ చుట్టరికం లేదు. అది మన కాసు. తమిళ రేవుల్లో పోర్చుగీసువాళ్లు దాన్ని ‘కైషా’ అన్నారు. ఇంగ్లీషువాళ్లు క్యాష్ చేశారు. చైనావాళ్ల చిల్లు నాణేలకూ అదే పేరు పెట్టేశారు. మద్రాసు లెక్కలో 80 కాసులు ఒక పణం, 42 పణాలు ఒక వరహా. అంటే వరహా మార్చాలంటే 3,360 కాసులు! గుమస్తాల తిప్పలు చెప్పక్కర్లేదు. 1818లో మద్రాసు రూపాయిలోకి మారింది.

అంతకు పదేళ్ల ముందు ఈస్టిండియా కంపెనీవారు బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో, ఆవిరి యంత్రాల మీద రాగి కాసులు అచ్చు వేయించారు. ఒకవైపు సింహాలున్న కంపెనీ ముద్ర, 1808 సంవత్సరం. రెండోవైపు పార్శీ రాత, దాని కింద ఇంగ్లీషులో విలువ. వాటిని మద్రాసుకు తెస్తున్న ‘అడ్మిరల్ గార్డనర్’ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకుండానే గుడ్విన్ ఇసుకమేటల్లో మునిగింది. 1980లలో డైవర్లు లక్షలకొద్దీ నాణేలు పైకి తీశారు. మన బజార్లలో చెలామణి కావలసిన చిల్లర ఇప్పుడు పాత నాణేల వ్యాపారుల దగ్గర దొరుకుతోంది.

తెలుగులో క్యాష్‌కు ఇంకో పని కూడా పడింది. సానుభూతిని ‘క్యాష్ చేసుకునే’ పార్టీలు, హిట్టును ‘క్యాష్ చేసుకునే’ హీరోలు పేపర్లలో రోజూ కనిపిస్తారు. ఈ మాటలో కాస్త ఎత్తిపొడుపు ఉంటుంది. కష్టపడి సంపాదించినవాణ్ణి ఎవరూ అలా అనరు.

కాసు మాత్రం బంగారం కొట్టుకు చేరింది. కోస్తాలో కాసంటే ఎనిమిది గ్రాములు. పెళ్లికి పది కాసుల హారం బేరమాడవచ్చు గానీ మొత్తం క్యాష్ ఇస్తానంటే కుదరదు. రెండు లక్షలు, ఆ పైన నగదు పుచ్చుకోకూడదని 2017 ఏప్రిల్ నుంచి రూలుంది.