గాజు గొట్టం ముందు అరగంట

సోమవారం పొద్దున తొమ్మిదిన్నర. హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక ఆఫీసు టవరు. మెడలో ఐడీ కార్డులతో జనం లిఫ్టుల ముందు బారులు తీరారు. వాళ్లంతా పైకి, మేము కిందికి. మూడో బేస్‌మెంటు చివర ఇనుప తలుపు తీయగానే బ్లోయర్ల హోరు, వెచ్చటి గాలి, తడి మట్టి వాసన ఒక్కసారే మీదికొచ్చాయి. ఈ భవనపు మురుగంతా చేరే శుద్ధి ప్లాంటు ఇది. చుట్టుపక్కల ఆఫీసులు, గేటెడ్ కమ్యూనిటీల నుంచి వచ్చిన పదిమంది ఆపరేటర్లకు ఇక్కడ రోజంతా శిక్షణ. చూద్దామని నేనూ వెళ్లాను.

నేర్పే పెద్దాయన ముప్పై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నారు. బోర్డు లేదు, ప్రొజెక్టరు లేదు. చేతిలో లీటరు గీతలున్న గాజు గొట్టం, అంతే.

"ఎట్లున్నది ప్లాంటు?" అని అడిగారు.

"మంచిగున్నది సార్. ప్యానెల్ మీద అన్నీ పచ్చ లైట్లే" అన్నాడు వనపర్తి కుర్రాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి, ఏడాదిగా ఈ ప్లాంటు చూసుకుంటున్నాడు.

"మోటర్లు మంచిగున్నయి తమ్మీ. నీళ్లెట్లున్నయో నీళ్లనే అడుగుదాం" అంటూ గొట్టం అతని చేతిలో పెట్టారు.

కుర్రాడు గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులోంచి తోడి, వెయ్యి మిల్లీలీటర్ల గీత దాకా పోశాడు. చిక్కటి గోధుమ రంగు. ఆ చిక్కదనం చాలావరకు బాక్టీరియాదే. మురుగును తిని, గుంపులుగా అతుక్కుని, గాలి ఆపగానే అవి అడుగుకు దిగాలి. పైన తేట మిగలాలి. పక్కనే రెండో గొట్టంలో సగం ఆ బురదనీరు, సగం శుద్ధి అయిన నీరు కలిపి పెట్టించారు. ఇక ముట్టుకోకుండా అరగంట చూడాలి.

ఐదు నిమిషాలకోసారి పదిమందీ వంగి గీత చూసి రాసుకున్నారు. అరగంటకు మొదటి గొట్టంలో బురద 700 దగ్గరే ఆగింది. ఇలాంటి ప్లాంటులో అది 300కు అటూఇటూ ఉంటే నిశ్చింత. రెండోదాంట్లో మాత్రం 200కు దిగింది, పైన తేటనీరు మెరుస్తోంది.

"రెండూ ఒక్క ట్యాంకువే. ఒకటెందుకు దిగింది, ఒకటెందుకు దిగలే?"

ఎవరూ పలకలేదు.

"సాయంత్రం ఆరింటికి రాయదుర్గంలో మెట్రో ఎక్కితే కూసోను జాగ దొరుకుతదా? గిదీ గంతే. వీటికి రోగం లేదు, రద్దీ ఎక్కువైంది. పల్చగ చేసినా దిగకపోతే అప్పుడు రోగమనుకోవాలె."

అంటే చేయాల్సింది గాలి పెంచడమూ కాదు, మందు పోయడమూ కాదు. పేరుకున్న బురదను బయటికి తీయడం. ఒక్కరోజే ఊడ్చేయకుండా రోజుకు కొంత. కుర్రాడు వెళ్లి స్లడ్జి వాల్వు తిప్పాడు. ఏడాదిగా తిప్పుతున్న వాల్వే. ఎందుకు తిప్పుతున్నాడో తెలిసి తిప్పడం ఆ రోజే మొదలు.

ఈ ఐటీ ఆఫీసుల మురుగు తీరే వేరు. స్నానాల నీళ్లు, బట్టలుతికిన నీళ్లు ఉండవు. ఎక్కువగా టాయిలెట్లవే కాబట్టి అమోనియా పాలు ఎక్కువ. శని, ఆదివారాలు బాక్టీరియాకు పస్తు, సోమవారం ఒక్కసారే విందు. 2020 లాక్‌డౌన్‌లో ఆఫీసులు ఖాళీ అయినప్పుడు ఆ పస్తు నెలల తరబడి సాగింది. అలాంటప్పుడు ఆపరేటర్లు బెల్లం నీళ్లు పోసి వాటిని బతికించుకుంటారు. ఎంత పోయాలో, ఎప్పుడు ఆపాలో ట్యాంకు పక్కన నిలబడితేనే తెలుస్తుంది.

అసలు ఈ విద్య పుట్టిందే గాజు సీసాల్లో. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు సీసాలో మురుగు పోసి, గాలి ఊది, తేట వంచేసి, అడుగు బురదను దాచి, మళ్లీ మురుగు పోశారు. మొదట వారాలు పట్టిన శుద్ధి చివరికి ఒక్కరోజులోపే అయింది. ఈ కుర్రాడి చేతిలోని గొట్టం ఆ సీసాకు వారసురాలే.

మధ్యాహ్నం పాఠం ప్రాణాలది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు మించితే ముక్కు ఆ వాసననే పసిగట్టలేదు. "వాసన పోయిందంటే గాలి బాగైందనుకోవద్దు" అని మూడుసార్లు చెప్పారు. తర్వాత ప్రతి ఒక్కరికీ నడుముకు, భుజాలకు బెల్టు కట్టించి, ముక్కాలి స్టాండు మీదుగా తాడుతో పైకి లాగించారు. ట్యాంకులో పడ్డవాణ్ణి చూసి రెండోవాడు దూకడం వల్లే ఇద్దరూ పోతారు. దూకకుండా పైనుంచి లాగడం చేతులకు అలవాటు కావాలి. రక్షణ లేకుండా మనిషిని మురుగు కాల్వల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఆ చట్టం ట్యాంకు అంచు దాకా చేరాలంటే ఇలాంటి మధ్యాహ్నాలు కావాలి.

ఇక్కడికి దగ్గర్లోనే దుర్గం చెరువు పక్కన జలమండలి ప్లాంటు ఉంది. దాని సామర్థ్యం రోజుకు 70 లక్షల లీటర్లు. నగరమంతటా 3,866 కోట్ల రూపాయలతో తలపెట్టిన 31 ప్లాంట్లలో అదొకటి. ఇంజినీర్లకు శిక్షణ ఇవ్వడానికి గచ్చిబౌలిలో 1981 నాటి ఇంజినీరింగ్ స్టాఫ్ కాలేజీ ఉంది. రాత్రి రెండింటికి బ్లోయరు ఆగిపోతే పరుగెత్తేది మాత్రం ఈ ఐటీఐ కుర్రాడే. అతనికీ ఏటా కొన్ని రోజులు, జీతం కోత లేకుండా, ఇలాంటి చదువు దక్కాలి. కోట్లు పోసి కట్టిన ట్యాంకులో నీళ్లు తేటబడేది అతని కన్ను పడితేనే.

బయల్దేరే ముందు లాగ్‌బుక్ తిరగేశాను. నెలల తరబడి ఒకటే అంకె: 300, 300, 300. కొలిచి రాసినవి కావు, ముందువాడు రాసింది చూసి రాసినవి. కుర్రాడు ఆ రోజు గడిలో 700 అని రాశాడు. కాసేపు దాన్నే చూసి తలెత్తాడు.

"తప్పు పడ్డట్టు కనబడుతది కదా సార్?"

"నిజం కనబడుతది తమ్మీ. రేపు పొద్దుగాల మల్ల చూసి నాకు ఫోన్ జెయ్."

అతను గొట్టం కడిగి, తుడిచి, తన టిఫిన్ డబ్బా పక్కన జాగ్రత్తగా పెట్టుకున్నాడు.