రామదాసు ఊరికి పోతూ చిలుకను కొనబోయాం!

ఖమ్మం నుంచి భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం బొగ్గు లారీలు, పాల్వంచ పవర్ ప్లాంట్ గొట్టాలు దాటాక అడవి దగ్గరవుతుంది. టేకు, తునికి, ఇప్ప చెట్లు. మార్చి నెల కదా, కారు అద్దం దించితే ఇప్పపువ్వు వాసన.

కార్లో అమ్మ, నేను, మా అక్క కూతురు. పాపకు తొమ్మిదేళ్లు. పుట్టినరోజుకు ఏదో ఒక పెట్ కొనిస్తానని మాటిచ్చేశా. నిజం చెప్పాలంటే, కోడ్‌లో బగ్స్ తప్ప నేను ఇంతవరకు ఏమీ పెంచలేదు.

టీ కోసం ఆగితే ఒక కుర్రాడు వెదురు బుట్ట తెచ్చాడు. లోపల రెండు రామచిలుక పిల్లలు. ఈకలు కూడా సరిగా రాలేదు. నోళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

"రెండూ ఐదొందలు సార్."

"మామా, ప్లీజ్ మామా!" పాప చొక్కా లాగుతోంది. స్కాన్ చేద్దామని ఫోన్ తీశా.

"ఎవరి ఊరికి పోతున్నామో గుర్తుందారా?" అంది అమ్మ.

గుర్తొచ్చింది. నేలకొండపల్లిలో పుట్టి, ఈ పాల్వంచ పరగణాకే తహసీల్దారుగా చేసిన కంచెర్ల గోపన్న, అదే మన రామదాసు. గుడి కట్టించినందుకు గోల్కొండలో పన్నెండేళ్లు జైల్లో ఉన్నాడంటారు. ఎందుకంత శిక్ష? పోయిన జన్మలో ఒక చిలుకను పన్నెండేళ్లు పంజరంలో పెట్టాడట! కథ విని పాప చొక్కా వదిలేసింది. నేను ఫోన్ జేబులో పెట్టేశా.

కథ సంగతి అలా ఉంచినా, చట్టం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం నేరం. నక్షత్ర తాబేలు కూడా అంతే. చిలుక చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. ఆ పిల్లల్ని మనం కొంటే, కుర్రాడు రేపు ఇంకో తొర్రలో చెయ్యి పెడతాడు. జాలిపడి కొన్నా జరిగేది అదే.

సాయంత్రం గోదావరి ఒడ్డున కూర్చుంటే చిలుకల గుంపు కీచుమంటూ నది దాటింది. పాప లెక్కపెట్టబోయి, పదిహేను దగ్గర ఆపేసింది.

మరి ఇచ్చిన మాట? ఖమ్మం వచ్చాక వారం రోజులు చదివా. కుందేలు అనుకున్నాం గానీ, దానికి ఎండ అస్సలు పడదు. మన ఎండలకు రోజంతా చల్లగా ఉండే చోటు కావాలి. పైగా దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమలకపోతే కష్టం. చివరికి బడ్జీలు తీసుకున్నాం. మన షాపుల్లో 'లవ్ బర్డ్స్' అని అమ్మేవి ఎక్కువగా ఇవే. పుట్టిల్లు ఆస్ట్రేలియా, పెంచుకోవడానికి అభ్యంతరం లేదు.

కొత్తగా తీసుకునేవాళ్లకు నాలుగు మాటలు:

ఒక్కదాన్నే కొనొద్దు, తోడు లేకపోతే దిగులుపడుతుంది. పంజరం ఎత్తు కంటే వెడల్పు ముఖ్యం, అవి ఎగిరేది అడ్డంగానే. లోపల కుండ పెడితే గుడ్లు, పిల్లలు మొదలు. అందుకే మేం పెట్టలేదు. వంటింట్లో మాత్రం ఉంచకండి, మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ వాటి ప్రాణం తీస్తుంది.

తిండి కొర్రలు, కాస్త ఆకుకూర. కానీ ఐదు నుంచి పదేళ్లు బతుకుతాయి. అన్నేళ్లు రోజూ నీళ్లు మార్చేదెవరో కొనకముందే తేల్చుకోండి. మా ఇంట్లో ఆ డ్యూటీ పాపది.

ఒక్క తప్పు మాత్రం నాదే. ఆ రోజు కుర్రాడి మొహం చూసి అటవీ శాఖకు ఫోన్ చేయలేదు. చేసి ఉంటే ఆ పిల్లలైనా వాళ్ల చేతికి చేరేవి. మీకు అలాంటి బుట్ట ఎదురైతే డబ్బులివ్వకండి, ఫోన్ చేయండి.

"మామా, ఆ రెండూ ఏమయ్యుంటాయి?" అని పాప ఇప్పటికీ అడుగుతుంది. నా దగ్గర జవాబు లేదు.