కప్పుకేకు మీద తలకట్టు



కప్పుకేకుల అలంకరణ నేర్పమని వచ్చేవాళ్లు ముందు ఫోనులో ఒక వీడియో చూపిస్తారు. అందులో క్రీముతో గులాబీ విచ్చుకుంటూ ఉంటుంది. "ఇట్లా రావాలక్కా" అంటారు. కొత్తవాళ్లకు గులాబీ వద్దంటాను నేను. ముందు ఒక సున్న చుట్టండి. దానికి తలకట్టు పెట్టండి. "ర" అయిపోయింది. అదే మీ మొదటి అలంకరణ.

తమాషాకు చెప్పడం లేదు. మన తిరుత్తణి, తిరువళ్లూరు వైపు ఆడవాళ్లకు పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసే అలవాటుంది. వేళ్ల మధ్య నుంచి పిండి ఎంత జారాలో చేతికి తెలుసు. క్రీము కోనుకు కావలసిందీ అదే. కోను మొనను కేకుకు ఆనించి గీస్తే గీత చితికిపోతుంది. మొదలుపెట్టే చోట మాత్రం తాకించి, కొంచెం పైకెత్తి, క్రీము దారంలా జారుతుంటే చెయ్యి తిప్పాలి. గీత ముగిసేముందే నొక్కడం ఆపి, తరువాత కోను ఎత్తాలి. లేకుంటే చివర తోక మిగులుతుంది. పెళ్లిళ్లలో జాంగిరీ చుట్టే వంటమాస్టరును గమనించండి. రంధ్రం ఉన్న గుడ్డను పిడికిట్లో పట్టి ఇదే పని చేస్తుంటాడు.

వెన్న క్రీముకు 100 గ్రాముల వెన్న, 200 గ్రాముల ఐసింగ్ చక్కెర చాలు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. ఎండలు ముదిరాక మన మధ్యాహ్నాలు ఆ వేడిని ఊరికే దాటేస్తాయి. అందుకే పొద్దున ఎనిమిదిలోపే పని ముగించుకోవాలి. కేకు పూర్తిగా చల్లారాలి, వెచ్చగా ఉంటే క్రీము జారిపోతుంది. కోను సగమే నింపాలి, నిండుగా ఉంటే పైనుంచి చేతుల మీదికి పొంగుతుంది. నాజిల్ కొననక్కర్లేదు. మందపాటి కవరు మూల కొంచెం కత్తిరిస్తే అక్షరాలకు సరిపోతుంది. రంగు జెల్‌దే వాడండి, నీళ్ల రంగు క్రీమును పలచన చేస్తుంది. ముందు స్టీలు పళ్లెం మీద రాయండి. బాగా రాకపోతే గీకి మళ్లీ కోనులో వేసుకోవచ్చు, దుబారా ఉండదు.

గులాబీ వదిలి అక్షరమే ఎందుకంటే, దానికి వేరే కారణం ఉంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మాట మాత్రం ఇళ్లలో తెలుగుగానే నిలిచింది. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక, ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఇక్కడ బతికేవాళ్లకు తమిళం రావాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. కానీ ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది తమ పేరును తెలుగులో రాయలేరు. "భారతి" అని తమిళ లిపిలో రాస్తే భకూ పకూ ఒకటే అక్షరం. తన పేరులోని ఒత్తు ఎలా ఉంటుందో ఆ పిల్ల ఎప్పుడూ చూసి ఉండదు. పలకా బలపం ఇస్తామని పిలిస్తే రాని పిల్లలు, కేకులంటే పరుగెత్తుకొచ్చారు.

మొన్నటి తరగతిలో ఎనిమిదో తరగతి పాప ఒకతి "అవ్వ" అని రాస్తానంది. కప్పుకేకు వెడల్పు అయిదు సెంటీమీటర్లే కాబట్టి ఒక్కో కేకు మీద ఒక్కో అక్షరమే పడుతుంది. "అ" ఎలాగో కుదిరింది. "వ్వ" దగ్గర వత్తు జారి కేకు అంచు దాటింది. తోడుగా వచ్చిన వాళ్ల అవ్వ మూలన కుర్చీలో కూర్చుని చూస్తోంది. ఆమె చదవగలిగేది తెలుగు ఒక్కటే. మనవరాలు చదివేవి తమిళం, ఇంగ్లీషు. "ఇట్లా ఇయ్యి" అని కోను అందుకుని పళ్లెం మీద "వ్వ" రాసిందామె. కాఫీ గ్లాసు పట్టుకుంటే వణికే చెయ్యి, గీత దగ్గర వణకలేదు. ఆ పాప దాని మీదే మూడుసార్లు దిద్ది, కేకు మీద రాసింది. తరువాత "తాత అని ఎట్లా రాస్తారు?" అని అడిగింది. "అది తేలిక, ఒకే అక్షరం, మొదటిదానికి దీర్ఘం" అంది అవ్వ.

వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు మళ్లీ కూర్చుంటాం. స్టీలు పళ్లెం, మందపాటి కవరు, కత్తెర తెచ్చుకోండి. కేకులు గుడ్డు లేకుండా చేస్తాం. ఇంట్లో అవ్వలుంటే తప్పకుండా పిలుచుకుని రండి. షుగరుందని వెనకాడొద్దు, వాళ్లకు పని పళ్లెం మీదే.