కృష్ణ పుట్టినకాడికి రెండు రాత్రులు

మన ఇండ్లల్ల ప్రయాణమంటే మూడే తీర్లు. పెండ్లికి పోవుడు, చావుకు పోవుడు, మొక్కు తీర్చుకోనీకి దేవుని కాడికి పోవుడు. ఊకెనే పోయి, రెండు రోజులు ఉండి, కండ్లనిండ చూసి వచ్చుడు మన లెక్కల లేదు. మా ఇంట్ల కూడా పోయిన జనవరి దాంక లేకుండె.

మాది సోలాపూర్. మా ఆయన టవెల్ కారఖానాల మగ్గం నడుపుతడు. పన్నెండు గంటల పాళీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. నేను ఇంట్ల బీడీలు చేస్త. మా మామ గిర్ని మూతపడే దాంక గిర్నిలనే చేసిండు. అత్తకు మోకాళ్ళ నొప్పి. బిడ్డ పదకొండో తరగతి. ఐదుగురం ఒక్క కప్పు కిందనే ఉంటం గని, పండుగ దినం తప్ప ఐదుగురం ఒక్కకాడ కూసొని అన్నం తిన్నది యాదికి లేదు. ఒకరు తినేటప్పుడు ఒకరు పండుకుంటరు, ఒకరు లేచేటప్పుడు ఒకరు పనికి పోతరు.

పోయిన దీపావళికి నా పేరు మీద భిశీ లేచింది. పదిహేను వేలు. ఫ్రిజ్ కొందమని అందరూ అన్నరు. బిడ్డ ఒక్కతే “అమ్మా, మహాబళేశ్వర్ పోదాం” అన్నది. కాలేజీల దోస్తులు అక్కడ సైకిల్ తొక్కిన ఫోటోలు చూపించిండ్రట. అత్త ఊకోలే. “చూడనీకి పైసలు పెడతరా? అవే పైసలతోటి తిరుపతి పోతే పుణ్యమన్న వస్తది” అన్నది. మూలకు కూసున్న మామ అప్పుడు మెల్లగ అన్నడు: “కృష్ణమ్మ పుట్టింది అక్కడనే గదా. అది కూడా క్షేత్రమే.” ఇగ అత్త మాట్లాడలే.

నా మనసుల వేరే సంగతి ఉండె. ఇరవై రెండేండ్ల సంది మగ్గాల సప్పుడుల ఉండి మా ఆయనకు చెవులు మందగించినయి. ఇంట్ల కూడా అరిచినట్టే మాట్లాడుతడు. కోపం కాదు, ఆయన మాట ఆయనకే ఇనబడది. డాక్టరు చూసి, “పోయిన వినికిడి తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలె, సప్పుడుకు దూరంగ ఉండండి” అన్నడు. మగ్గం మీద బతికేటోడు సప్పుడుకు దూరంగ యాడికి పోతడు? మూడు రోజులన్న పోదామని నేనే పట్టుబట్టిన.

ముందుగాల దినాలు చూసుకున్నం. జూన్ నుంచి సెప్టెంబర్ దాంక అక్కడ వాన విపరీతం. మహారాష్ట్రల బాగ వాన పడే జాగాలల్ల అదొకటి. పొగమంచుల లోయలు కనబడవు. మే నెలల, దీపావళి చుట్టీలల్ల, శనివారం ఆదివారాలల్ల జనమే జనం, రూముల ధరలు కూడా ఎక్కుతయి. అందుకే జనవరిల సోమవారం పోయి బుధవారం వచ్చేటట్టు పెట్టుకున్నం. చలి ఉంటది గని స్ట్రాబెర్రీలు దొరికే కాలం. ఇంట్ల ఉన్న చాదర్లు రెండు సంచిల పెట్టిన. సోలాపూరోళ్ళం చాదరు లేక చలికి వణికితే నవ్విపోతరు గదా!

బస్సు సంగతి. మహారాష్ట్ర ఎస్టీ బస్సుల ఆడోళ్ళకు 2023 నుంచి సగం టికెట్టే. 65 దాటిన పెద్దోళ్ళకు కూడా సగం, 75 దాటితే పూర్తిగ మాఫీ. వయసు చూపనీకి ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోవాలె. అట్ల మా ఐదుగురిల పూరా టికెట్టు పడ్డది మా ఆయన ఒక్కనికే. పొద్దుగాల ఐదింటికి ఎక్కినం. పండరపూర్ మీదికెళ్ళి సాతారా, అక్కడ బస్సు మారి వాయి, పాంచ్‌గణి, మహాబళేశ్వర్. వాయి దాటంగనే పసరణి ఘాట్ మొదలయితది. మలుపుల మీద మలుపులు. అత్తకు రెండు సార్లు వాంతి అయింది. ఘాట్‌ల వాంతులయ్యేటోళ్ళు ఎక్కే ముందు కడుపునిండ తినొద్దు, ముందు సీట్లల్ల కూసోవాలె. నిమ్మకాయ దగ్గరుంచుకుంటే మంచిది.

రూము ముందుగాలనే ఫోన్‌ల మాట్లాడుకున్నం. నాలుగు మాటలు తప్పక అడగాలె. వేడినీళ్ళు ఎన్ని గంటలకు వస్తయి, ఎక్స్‌ట్రా పరుపుకు ఎంత, ఏ టైముకు ఖాళీ చెయ్యాలె, తిండి అందుల కలిసిందా లేదా. ఇవి అడగకుంటే పోయినంక కొట్లాట. మాకు బజారు వెనక పెద్ద రూము ఒకటి దొరికింది. రోజుకు రెండు వేలు, ఒక పరుపు ఎక్కువ.

ఈ కొండ మీద ఊరు కట్టిందే సేద తీరనీకి. 1828 తర్వాత బొంబాయి గవర్నరు జాన్ మాల్కమ్ కాలంల తెల్లదొరలు ఇక్కడ ఎండకాలం ఉండనీకి బంగ్లాలు కట్టుకున్నరు. ఎత్తు 1,350 మీటర్లకు పైనే. అప్పట్ల దొరలకు గాలి మార్పు కావాల్సి వచ్చింది గని, మగ్గం కాడ, బీడీల చాట కాడ కూసున్నోళ్ళకు కూడా కావాలని ఎవరూ అనుకోలే. మనమూ అనుకోలే.

మొదటి రాత్రి సంగతి దాచకుండ చెప్తున్న. అంత దూరం పోయినంక మా ఆయనకు నిద్ర రాలే. బయట ఒక్క సప్పుడు లేదు. ఆయన లేచి కూసొని, “చెవులల్ల మగ్గం నడుస్తున్నట్టే ఉన్నది” అన్నడు. సోలాపూర్‌ల బయటి సప్పుడు కింద అది దాగి ఉండె. ఇక్కడ బయటపడ్డది. నాకు భయమైంది. తప్పు పని చేసిననా అనుకున్న. మామ కూడా నిద్రల లేడు. “నాకు గిర్ని మూసినంక ఏడాది అట్లనే ఉండె. పండుకో బిడ్డా” అన్నడు. గిర్ని మూసి ఇన్నేండ్లయినా ఆ మాట ఆయన ఎన్నడూ మాకు చెప్పలే.

రెండో నాడు పొద్దుగాల ఏడింటికి సైకిళ్ళు. బజారుల అద్దెకిస్తరు. ఆధార్ జిరాక్స్, కొంచెం డిపాజిట్ అడిగిండ్రు. మూడు తీసుకున్నం. మామకు డెబ్బై ఒకటి. ముప్పై ఏండ్లు హ్యాండిలుకు టిఫిన్ డబ్బా తగిలించుకొని గిర్నికి సైకిల్ మీదనే పోయినోడు. దుకాణపాయన చూపించిన మొదటి సైకిల్ ఆయనకు నచ్చలే. వెనక బ్రేకు పట్టి చూసి, చైను వేలుతోటి లేపి చూసి, “ఇది వద్దు, గా మూలకున్నది తియ్యి” అన్నడు. మీరు పోయినా ఇట్లనే చూసుకోండ్రి. కొండ మీద బ్రేకే పాణం.

బజారు నుంచి వేణ్ణా చెరువు రెండు కిలోమీటర్ల పైన ఉంటది. 1842ల సాతారా రాజు తవ్వించిన చెరువు అది. పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. జీపులు, టాక్సీలు మొదలుగాక ముందే పోయి రావాలె, తర్వాత ఆ రోడ్డు మీద సైకిల్ తొక్కుడు మంచిది కాదు. మామ ముందు, బిడ్డ నడుమ, మా ఆయన వెనక. వెనకనుంచి హారన్ కొడితే ఆయనకు లేటుగ ఇనబడతది, అందుకే మలుపు మలుపుకు బిడ్డ వెనకకు తిరిగి చెయ్యి ఊపి చూపించింది. నేను, అత్త టాక్సీల పోయి చెరువు కాడ నిలబడ్డం. నీళ్ళ మీద మంచు పొగ లేస్తుంటే ముగ్గురూ దిగుకుంట వచ్చిండ్రు. మామ బెల్లు కొట్టుకుంట వచ్చిండు. వచ్చేటప్పుడు సగం దూరం తోసుకుంటనే వచ్చిండ్రట.

తర్వాత టాక్సీ మాట్లాడుకొని పాత మహాబళేశ్వర్ పోయినం. బజారుకు ఆరు కిలోమీటర్లు. అక్కడ పంచగంగ గుడి. కృష్ణ, వేణ్ణా, కోయనా, గాయత్రి, సావిత్రి, ఐదు నదులు అక్కడ పుడతయని చెప్తరు. ఐదు ధారలు కలిసి ఒక రాతి ఆవు నోట్ల నుంచి గుండంల పడతయి. ఇంత లావు ధార, చేతి మణికట్టంత. ఇదా శ్రీశైలం, నాగార్జునసాగర్ నింపేది అనిపించింది. ఇక్కడ నుంచి 1,400 కిలోమీటర్లు పోయి హంసలదీవి కాడ సముద్రంల కలుస్తది. సోలాపూర్‌ల మన నల్లాకు వచ్చే ఉజనీ నీళ్ళు భీమానదివి. ఆ భీమ కూడా పోయి కృష్ణలనే కలుస్తది.

మా మామ వాళ్ళది నల్గొండ జిల్లా. వాళ్ళ నాయిన మగ్గం పని వెతుక్కుంట సోలాపూర్ చేరిండు. సాగర్ డ్యామ్ కట్టినంక అక్కడి చుట్టాల భూములకు కాల్వ నీళ్ళు వచ్చినయట. అప్పటికి వీళ్ళు ఇక్కడ పాతుకపోయిండ్రు. మామ ధార కింద చెయ్యి పెట్టి శానా సేపు నిలబడ్డడు. “మనం పోవుడు బంద్ చేసినం గని, ఇవి దినాం మన ఊరి దిక్కే పోతున్నయి” అన్నడు. అత్త ఒక చిన్న సీసాల నీళ్ళు పట్టుకున్నది. పుణ్యం లెక్క ఆమెకు సరిపోయింది.

ఇగ తిండి. పొద్దున, మధ్యాహ్నం మేము తెచ్చుకున్న కడక్ రొట్టెలు, శేంగా చట్నీతోటి ఎల్లదీసినం. చెరువు కాడ మక్క కంకులు తిన్నం. కాని రెండో రాత్రి మాత్రం మంచి హోటల్‌ల కూసొని తినాలని ముందుగాలనే పైసలు పక్కకు పెట్టిన. కూసోక ముందే ధరల కార్డు అడిగి చూసుకోండ్రి, సిగ్గేమీ లేదు. బిల్లుల జీఎస్టీ ఉంటది. సర్వీస్ ఛార్జీ అని వేరే రాస్తే అది తప్పనిసరి కాదు, తీసెయ్యమని అడగొచ్చు. మేము పిఠ్లా భాకరి థాలీలు మూడు, అన్నం, పప్పు, చివరికి ఐదుగురికి రెండు స్ట్రాబెర్రీ క్రీములు చెప్పినం.

మా ఆయన మామూలుగనే మాట్లాడిండు. హోటల్ అంతా తిరిగి చూసింది. పక్క టేబుల్ పిల్లలు నవ్విండ్రు. బిడ్డ తల దించుకున్నది. ఆయనకు అర్థమై నోరు మూసుకున్నడు, పళ్ళెం దిక్కే చూసుకుంట తినబట్టిండు. నా గొంతుల ముద్ద దిగలే. ఇంతల బిడ్డ లేచింది. బయటికి పోతదేమో అనుకున్న. తన పళ్ళెం పట్టుకొని వచ్చి ఆయన కుడిదిక్కు కూసున్నది. కుడి చెవు కొంచెం నయం. దగ్గరికి వంగి ఏదో చెప్పింది. ఆయన కూడా వంగి, గొంతు తగ్గించి జవాబు చెప్పిండు. తిన్నంత సేపు ఇద్దరూ అట్లనే మాట్లాడుకున్నరు. ఏం మాట్లాడుకున్నరో మాకు ఇనబడలే. ఆయన మాట మాకు ఇనబడకుండ ఉన్నది ఆ ఇంటికి వచ్చినంక అదే మొదటిసారి. ఆ రాత్రి ఆయన నిద్రపోయిండు.

మూడో నాడు విల్సన్ పాయింట్‌ల సూర్యుడు లేచేది చూసి, పాంచ్‌గణిల టేబుల్ ల్యాండ్ మీద కాసేపు తిరిగి, బస్సెక్కినం.

లెక్క చెప్తున్న, మీకు అక్కెరకు వస్తది. బస్సులకు 2,800. రూముకు 4,000. తిండికి 3,400. టాక్సీలకు 1,200. సైకిళ్ళకు 400. స్ట్రాబెర్రీలు, శెనగలు, చిక్కీలకు 700. మొత్తం 12,500. మా ఆయన మూడు రోజుల పగారు పోయింది 1,800. అది కూడా ఖర్చే, దాన్ని ఇడిచిపెట్టి లెక్క వేస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టు. నా బీడీలు మాత్రం ముందు వారమే రాత్రిళ్ళు కూసొని ఎక్కువ చేసి పెట్టిన. పదిహేను వేలల 700 మిగిలినయి.

అందరూ ఇక్కడికే రావాలని కాదు. భివండి, ముంబై వాళ్ళకు మాథెరాన్ దగ్గర. కోయంబత్తూరు వాళ్ళకు కూనూరు, ఊటీ ఉన్నయి. యానాం వాళ్ళకు మారేడుమిల్లి అడవి ఉన్నది. చిన్న భిశీ ఒకటి దీనికే వేసుకొని, జనం లేని దినాలు చూసి, ఇంటిల్లిపాది పోయి రాండ్రి.

వచ్చినంక బిడ్డ మెడికల్ దుకాణంల చెవులల్ల పెట్టుకునే స్పంజి బిళ్ళలు కొన్నది. కారఖానాల తోటోళ్ళు మొదట నవ్విండ్రట. ఇప్పుడు ఇంకో ఇద్దరు పెట్టుకుంటున్నరు. ఫ్రిజ్ ఇంక రాలే. ఐతారం పూట అందరం ఒక్కకాడనే తింటున్నం. బిడ్డ ఆయనకు కుడిదిక్కే కూసుంటది.