మళ్ళీ రాసింది నకలు కాదు

ఆడవాళ్ళు చెప్పిందే చెబుతారన్న ఎత్తిపొడుపు వింటూనే మనందరం పెరిగాం. ఈమెయిళ్ళు సర్దే పనిలో కూడా అదే మాట వినాల్సి వస్తుందని మాత్రం నేననుకోలేదు.

రాజమండ్రిలో ఉండిన ఒక కథకురాలూ, అమలాపురంలో ఉన్న ఆవిడ స్నేహితురాలూ 2003 నుంచి పదేళ్ళపాటు మెయిళ్ళు రాసుకున్నారు. కథకురాలు పోయాక ఆవిడ కూతురూ, ఆ స్నేహితురాలూ తమ దగ్గరున్నవన్నీ నా పరిశోధనకిచ్చారు. కొన్ని సీడీల్లో, కొన్ని పాత కంప్యూటర్లో, కొన్ని ఇప్పటి అకౌంట్లలో ఉన్నాయి. అన్నీ థండర్‌బర్డ్‌లోకి ఎక్కిస్తే ఒక్కో ఉత్తరం మూడు నాలుగు చోట్ల తేలింది.

“సబ్జెక్టూ తేదీ ఒకటే అయినవి తీసేద్దామండీ. ఎలాగూ అన్నీ ఒకేలా ఉన్నాయి కదా” అన్నాడు సాయానికొచ్చిన కుర్రాడు.

ఒకేలా ఉన్న మాట నిజమే. సగానికి సబ్జెక్టే లేదు. మిగిలినవాటికి ‘బాగున్నావా’ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. వంటకు ముందొకటి, అందరూ పడుకున్నాక ఒకటి. ఆ లెక్కన వడపోస్తే రోజుకొక్క ఉత్తరమే మిగులుతుంది.

మెయిల్‌కి పైకి కనిపించని గుర్తొకటి ఉంటుంది, మెసేజ్ ఐడీ అని. 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822 ప్రమాణంలోనే అది ఉంది. ఒకదాని గుర్తు మరొకదానికి ఉండకూడదన్నది నియమం. ఆ మెయిల్‌ని ఎన్నిచోట్ల దాచినా గుర్తు మారదు. అవే మాటలు కొత్తగా రాసి పంపితే మాత్రం కొత్త గుర్తు పడుతుంది. అంటే నకలుకీ, మళ్ళీ రాసినదానికీ తేడా యంత్రానికి తెలుసు. అడగాల్సింది మనం.

ఒక రాత్రి కథకురాలు ఒకే ఉత్తరం రెండుసార్లు పంపింది. మొదటిదాంట్లో, సభకి వెళ్ళడానికి ఇంట్లో ఎందుకు ఒప్పుకోలేదో ఒక్క వాక్యం ఉంది. అరగంట తర్వాత వచ్చినదాంట్లో ఆ వాక్యం లేదు. ‘ముందుది చదవకు’ అని ఉంది. సబ్జెక్టూ తేదీ ఒకటే. కుర్రాడి లెక్కలో వీటిలో ఒకటి డూప్లికేటు! ఆవిడ జీవితం అంతా ఆ రెంటి మధ్య తేడాలోనే ఉందనిపించింది నాకు.

సి.పి. బ్రౌన్ వేమన పద్యాలకి ఎన్నో రాతప్రతులు సేకరించి, పోల్చి చూసి 1829లో అచ్చువేశాడు. ఆ తేడాల్ని మనం పాఠభేదాలని గౌరవంగా చదువుకున్నాం. మరి ఆడవాళ్ళ ఉత్తరాల దగ్గరకొచ్చేసరికి పాఠభేదం కాస్తా ‘చెప్పిందే చెప్పడం’ ఎందుకవుతుంది?

అందుకని ఇలా చేశాం. అసలు ఫైళ్ళు ముట్టుకోకుండా వేరే డిస్కులో దాచాం. ఒక్కో సీడీలోవి ఒక్కో ఖాళీ ఫోల్డర్లోకి ఎక్కించాం. మెసేజ్ ఐడీ ఒకటైతేనే నకలు కింద లెక్క. అదీ ఒకరి వైపున్న వాటిలోనే. ఎందుకంటే గుర్తు ఒకటే అయినా పంపినావిడ కాపీ, అందుకున్నావిడ కాపీ ఒకటి కావు. బీసీసీలో ఇంకెవరికి పంపిందో సాధారణంగా పంపినావిడ దగ్గరే ఉంటుంది. దారిలో ఏయే సర్వర్లు దాటిందో అందుకున్నావిడ దగ్గరుంటుంది. నకళ్ళలో ఒకదానికి ఫోటో ఊడిపోయి ఉంటే, ఫోటో ఉన్నదాన్నే ఉంచాం. గుర్తు లేని చిత్తుప్రతుల్ని కళ్ళతో చదివి తేల్చుకున్నాం. నకళ్ళని కూడా చెరిపెయ్యలేదు, పక్క ఫోల్డర్లోకి జరిపాం. చేరిన ఐడీలన్నిటికీ ఒక జాబితా రాసుకున్నాం. రేపు మరో సీడీ దొరికితే అందులో లేనివే లోపలికొస్తాయి.

ఆ రెండు ఉత్తరాల సంగతి మాత్రం ఏ జాబితా తేల్చలేదు. ‘చదవకు’ అన్నదాన్ని దాచే హక్కు మనకుందా? అమలాపురం వెళ్ళి ఆ స్నేహితురాలినే అడిగాను.

“అప్పుడే చదివేశానమ్మా. దానికలా తెలియనివ్వలేదంతే. రెండూ ఉంచు. ముందుది మాత్రం అచ్చెయ్యకు” అందావిడ.

రెండూ ఉన్నాయి.